నికాన్ లెన్సులు సోనీ బాడీ మీద: ఏ అడాప్టర్ తీసుకోవాలి?

పెన్నాగట్టు (కావలి)

అన్నలూ, నా నికాన్ డీ750 కెమెరాకి తోడుగా సోనీ ఏ7 త్రీ సెకండ్‌హ్యాండ్‌లో వస్తా ఉంది. బాడీ మాత్రమే, లెన్స్ లేదు. నా దగ్గరున్న నికాన్ లెన్సులు మూడు: 50 ఎఫ్/1.8జీ, 85 ఎఫ్/1.8డీ, ఏఎఫ్-పీ 70-300 ఈ. పని ఎక్కువగా ఫంక్షన్ హాళ్లలో పెళ్లిళ్లు, కొంచెం వీడియో.

షాపులో చూపించిన అడాప్టర్ ఉత్త మెటల్ రింగు, కాంటాక్టులు (కరెంటు, సిగ్నల్ పోయే పిన్నులు) ఏమీ లేవు. అన్ని నికాన్ లెన్సులకీ సరిపోతుందని చెప్తున్నారు. దూరంగా ఉన్నవాటికి ఫోకస్ అందదని ఒకరు, క్వాలిటీ పోతుందని ఇంకొకరు. ఏది నిజం? ఇంకోటి, ఫ్రెండ్ దగ్గరున్న కెనాన్ ఈఎఫ్ లెన్సులు నా డీ750కి వేసుకోవచ్చా?

ఉలవపాడు మామిడి

మూడిట్లో ఒకటి బాగా పనిచేస్తుంది, ఒకటి తంటాలు పడితే పనిచేస్తుంది, ఒకటి అసలు చేయదు.

దూరం సంగతి ముందు. లెన్స్ మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సార్ దాకా ఉండాల్సిన దూరం నికాన్ ఎఫ్‌ మౌంట్‌కి 46.5 మి.మీ., సోనీ ఈకి 18 మి.మీ. ఆ తేడా 28.5 మి.మీ.ని ఖాళీ గొట్టంతో నింపేదే అడాప్టర్. మధ్యలో అద్దం (గాజు కటకం) లేదు కాబట్టి క్వాలిటీ పోయేది ఏమీ లేదు. డీ750 మీద కెనాన్ ఈఎఫ్ మాత్రం మర్చిపోండి. ఈఎఫ్‌కి కావాల్సింది 44 మి.మీ., అంటే లెన్సును 2.5 మి.మీ. బాడీ లోపలికి దింపాలి. అందుకే ఆ రకం అడాప్టర్లలో అద్దం పెట్టి అమ్ముతారు, బొమ్మ మెత్తబడుతుంది. అద్దం తీసేస్తే దగ్గరి వస్తువులకే ఫోకస్ అందుతుంది.

85 డీకి ఎపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) మార్చే రింగు లెన్సు మీదే ఉంది. ఎఫ్/16 దగ్గర లాక్ వేసి ఉంటుంది, అది తీసి చేత్తో తిప్పుకోవడమే. దీని ఆటోఫోకస్ డీ750 లోపలి మోటారు వల్ల నడిచేది. ఇక్కడ ఆ మోటారు లేదు, ఫోకస్ కూడా చేత్తోనే.

50 జీకి రింగు లేదు. బాడీ నుంచి తీయగానే స్ప్రింగు ఎపర్చర్ బ్లేడ్లను పూర్తిగా మూసేస్తుంది, వెనక చిన్న మీటను నెడితేనే తెరుచుకుంటాయి. కాబట్టి ఆ మీటను కదిపే రింగు ఉన్న అడాప్టర్ తీసుకోండి, ‘నికాన్ జీ’ అని అడిగితే ఇస్తారు. దాని మీద గీతలే తప్ప ఎఫ్ అంకెలు ఉండవు. కొలుచుకోవడం ఇట్టా: ఒకే వెలుగున్న గోడకి గురిపెట్టి, మాన్యువల్‌లో ఐఎస్‌ఓ కదపకుండా, రింగు పూర్తిగా తెరిచి, షట్టర్ మార్చి కెమెరా వెలుగు మీటర్ సున్నాకి తెండి. షట్టర్ 1/1000 వచ్చిందనుకోండి. దాన్ని 1/500 చేసి, మీటర్ మళ్లీ సున్నా అయ్యేదాకా అడాప్టర్ రింగు మూయండి. అది దాదాపు ఎఫ్/2.5. 1/250కి ఎఫ్/3.5, 1/125కి ఎఫ్/5. ఒక్కోచోట తెల్ల నెయిల్‌పాలిష్ చుక్క పెట్టుకోండి. గీతల మధ్య దూరాలు సమానంగా రావు, అడాప్టర్ పాడైందని అనుకోవద్దు. రింగుకి క్లిక్కులు లేకపోతే వీడియోకి మంచిదే, వెలుగు మెల్లగా మారుతుంది.

70-300 ఏఎఫ్-పీకి ఎపర్చరూ కరెంటుతోనే, ఫోకసూ కరెంటుతోనే. ఫోకస్ రింగు తిప్పినా లోపల మోటారుకి సిగ్నల్ పోవాల్సిందే. ఖాళీ గొట్టం మీద పెడితే ఏదీ కదలదు, వీఆర్ (లెన్సులో కుదుపు తగ్గించేది) కూడా రాదు. దాన్ని డీ750 మీదే ఉంచండి.

సోనీ బాడీలో మూడు సెట్టింగులు. లెన్స్ లేకుండా షట్టర్ పడే ఆప్షన్ ఎనేబుల్ చేయాలి, లేకపోతే బటన్ నొక్కినా ఫొటో రాదు. స్టెడీషాట్‌ని (బాడీలో కుదుపు తగ్గించేది) మాన్యువల్‌లో పెట్టి 50 లేదా 85 ఎంచుకోవాలి. లెన్స్ మార్చినప్పుడు ఈ అంకె మార్చడం మరిస్తే కుదుపు సరిగ్గా తగ్గదు. ఫోకస్ మాగ్నిఫైయర్‌ని (బొమ్మను పెద్దది చేసి చూపేది) చేతికందే బటన్‌కి ఇవ్వండి. పీకింగ్ (ఫోకస్ అందిన అంచులు రంగులో మెరవడం) ఎర్రరంగులో పెట్టుకోవచ్చు గానీ ఎఫ్/1.8లో ఒక్కదాన్నే నమ్మొద్దు, ముక్కు మీద మెరిసినా కంటి మీద మెరిసినా ఒకేలా కనపడుతుంది.

కొత్తపట్నం గాలి (ఒంగోలు)

పై లెక్కంతా కరెక్టే, అయితే అది అడాప్టర్ మందం సరిగ్గా ఉన్నప్పుడు. మందం 0.1 మి.మీ. ఎక్కువైనా 50 లెన్సుకి సుమారు 25 మీటర్ల అవతల ఫోకస్ అందదు. అదే తేడాకి 24 మి.మీ. లెన్స్ అయితే 6 మీటర్ల లోపే ఆగిపోతుంది. దూరానికి అందదని మీకు చెప్పినవాళ్లు చూసింది ఇట్టాంటి అడాప్టర్నే అయ్యుంటుంది. ఈ భయంతోనే చాలా అడాప్టర్లను కొంచెం పల్చగా చేస్తారు. అప్పుడు ఫోకస్ అనంతాన్ని దాటి కాస్త ముందుకు పోతుంది, లెన్స్ మీది దూరం అంకెలు తప్పుతాయి, అంతకుమించి నష్టం లేదు.

కొనేముందు చూడాల్సింది: రాత్రి ట్రైపాడ్ మీద పెట్టి, దూరంగా ఉన్న సెల్ టవర్ ఎర్రలైటుని ఎఫ్/1.8లో మాగ్నిఫైయర్‌తో చూడండి. రింగు చివరి దాకా తిప్పేలోపు లైటు చిన్న చుక్కగా మారి మళ్లీ విచ్చుకోవాలి. చుక్క కాకుండానే రింగు ఆగిపోతే వాపస్ ఇచ్చేయండి. తర్వాత అదే లైటుని ఫ్రేము ఎడమ అంచుకీ కుడి అంచుకీ తెచ్చి చూడండి. ఒకవైపు చుక్క, ఇంకోవైపు మసక వస్తే రెండు మౌంట్లూ సమాంతరంగా లేవు, దానికి రిపేరు లేదు.

లూజు మాత్రం సరిచేసుకోవచ్చు. లెన్స్ పట్టే రింగు అంచుల్లో సన్నటి చీలికలుంటాయి. అందులో వాచీ స్క్రూడ్రైవర్ మొన పెట్టి వెంట్రుకవాసి తెరిస్తే పట్టు బిగుస్తుంది. ఎక్కువ తెరిస్తే లెన్స్ ఎక్కదు. కొత్త అడాప్టర్‌ని బాడీకి వేసేముందు లెన్సుకి పదిసార్లు ఎక్కించి దించి, లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకి మెరిసే పొడి అంటితే అది సెన్సార్ మీద పడాల్సిన అల్యూమినియం.

లోపలి నలుపు మెరుస్తా ఉంటే స్టేజీ ఎల్ఈడీ లైట్లు ఎదురైనప్పుడు బొమ్మ మధ్యలో పాలిపోయిన మచ్చ వస్తుంది. మెరుపులేని నల్ల వెల్వెట్ స్టిక్కర్ అంటించాలి, మీట తిరిగే చోటు మాత్రం వదిలేయండి. కొత్తపట్నం, మైపాడు బీచ్‌లలో ప్రీవెడ్డింగ్ షూట్లకి పోతే లెన్సులు కారులోనే మార్చండి, ఇంటికొచ్చాక మౌంట్లు తుడవండి. ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేవి మౌంట్ల చిన్న స్క్రూలే.

పెన్నాగట్టు

జీ అడాప్టర్ మీద 85 డీ వేసి చూశా. లెన్స్ రింగు తిప్పినా వెలుగు మారట్లా. ఎందుకన్నా?

ఉలవపాడు మామిడి

అడాప్టర్ రింగు తెరిచి ఉంది, మీటను అదే పట్టి ఉంచింది. దాన్ని పూర్తిగా మూసే వైపు తిప్పి వదిలేయండి, అప్పుడు లెన్స్ రింగు పనిచేస్తుంది.

తలంబ్రాల టైం

పెళ్లికి మాత్రం ఈ ఏర్పాటుతో పోవద్దు. 2 మీటర్ల దూరంలో 50 లెన్స్ ఎఫ్/1.8కి ఫోకస్‌లో ఉండేది 17 సెంటీమీటర్లు, 85కి 6 సెంటీమీటర్లే. మూడుముళ్లు వేసేటప్పుడు పెళ్లికొడుకు వంగితే చాలు, ఆ 6 దాటిపోతుంది. మాగ్నిఫైయర్ నొక్కి చూసేలోపు రెండో ముడి కూడా పడుతుంది. ఎఫ్/4కి దించితే 50కి 38 సెంటీమీటర్లు వస్తాయి గానీ ఐఎస్‌ఓ రెండు స్టాపులకి (నాలుగు రెట్లకి) పైనే పెరుగుతుంది.

కాంటాక్టులున్న ఎలక్ట్రానిక్ అడాప్టర్లు దొరుకుతాయి, 50 జీకి ఆటోఫోకస్ వస్తుంది. కానీ ఏ లెన్సుకి ఎంత వేగమో మీ లెన్సుతోనే, హాలు వెలుగులోనే చూసి కొనాలి. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే సోనీ సొంత 50 ఎఫ్/1.8 వస్తుంది, నేనైతే అదే అంటాను. ముహూర్తానికి నికాన్ లెన్సులన్నీ డీ750 మీద, సోనీ మీద ఆ ఒక్కటి. అడాప్టర్, 85 డీ జతని మండపం డెకరేషన్, నగలు, కూర్చోబెట్టి తీసే పోర్ట్రెయిట్లకి వాడండి.