ఇంటి చదువుకు పండుగల క్రమాన్నే పాఠ్యప్రణాళికగా పెట్టుకోవచ్చునా?

కావలి అమ్మ

తొమ్మిదేళ్ల అమ్మాయికీ, ఆరేళ్ల అబ్బాయికీ మేము ఇంట్లోనే చదువు చెబుతున్నాము. ఈ ఏడాది వినాయక చవితి సెప్టెంబరు 14న, విజయదశమి అక్టోబరు 20న వస్తున్నాయి కనుక, ఆ నడుమనున్న ఐదు వారాలకూ పాఠాలన్నిటినీ పండుగల చుట్టూ, కాలం చుట్టూ అల్లాలని అనుకుంటున్నాను. మొదటి వారం ఇరవై ఒక్క పత్రుల ఆధారంగా వృక్షశాస్త్రం. రెండో వారం, అంటే సెప్టెంబరు 23 ప్రాంతంలో, పగలూ రాత్రీ సమానమయ్యే రోజును పట్టుకొని సూర్యుడు, నీడలు, దిక్కులు. ఆ తరువాత ఆంధ్ర రాష్ట్రావతరణ, గాంధీ జయంతి. చివరి రెండు వారాలు బొమ్మల కొలువుతో కథలు, రాత, చేతిపనులు. లెక్కలు, తెలుగు, పరిసరాల విజ్ఞానం అన్నీ వీటిలోనే ఇమిడిపోవాలని నా ఉద్దేశం.

అంతర్జాలంలో దొరికే ఇటువంటి ప్రణాళికలలో ఎర్రబారే ఆకులు, గుమ్మడికాయలు, ఆపిల్ తోటలు ఉంటాయి. కావలిలో సెప్టెంబరు నెలలో ఏ చెట్టూ ఎర్రబారదు కాబట్టి వాటిని పక్కన పెట్టాను. మా ఇంట్లో పెద్దలు దీనిని "పండుగ చదువు" అని వేళాకోళం చేస్తున్నారు. ఈ పద్ధతి నిలుస్తుందా, లేక పాఠ్యపుస్తకాల వరుసలో వెళ్లడమే మేలా? అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పగోరుతున్నాను.

విశ్రాంత గణితం, ఒంగోలు

అమ్మా, ఉన్నత పాఠశాలలో చాలాకాలం లెక్కలు చెప్పి విరమించినవాడిని. మీ ఉత్సాహాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు గాని, ఈ పద్ధతికి నేను వ్యతిరేకిని.

గణితానికి తనదైన వరుస ఉంది. భాగహారం రాని పిల్లకు భిన్నాలు రావు, భిన్నాలు రాని పిల్లకు దశాంశాలు అర్థం కావు. పండుగను ముందు పెట్టుకొని దానిలో గణితాన్ని వెతికితే, ఆ పండుగకు అందినంతే గణితం దొరుకుతుంది. ఇరవై ఒక్క పత్రులను లెక్కించడం, ఉండ్రాళ్లను నలుగురికి సమంగా పంచడం మీ అబ్బాయికి సరిపోతాయి. తొమ్మిదేళ్ల అమ్మాయికి అవి ఎప్పుడో వచ్చేసిన లెక్కలు. ఐదు వారాలు ఆమె ముందుకు కదలదు, పైగా కదిలినట్టు మీకు కనిపిస్తుంది. ఇంటి చదువులో అసలు ప్రమాదం ఈ రెండోదే.

చరిత్ర సంగతి చూడండి. మీ వరుసలో అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతుంది. అది 1953 నాటి సంగతి. ఆ రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష మొదలుపెట్టినది 1952 అక్టోబరు 19న. క్యాలెండరును అనుసరిస్తే పిల్లలు ఫలితాన్ని ముందు చదివి, కారణాన్ని దసరా ముందురోజు చదువుతారు. ఆయన ప్రాణం పోయిన డిసెంబరు 15 నాటికి మీ ప్రణాళికే ముగిసిపోతుంది. ఆ మహనీయుని పేరు పెట్టుకున్న జిల్లాలో ఉంటూ ఆ కథను ఇలా తలకిందులుగా చెప్పడం నాకు రుచించదు.

డెల్టా రైతు, కోవూరు

మాస్టారి మాటలో బలం ఉంది, కాని నాకు తోచిన లోపం వేరు. పండుగల జాబితా సరిగానే ఉన్నది, కాలమే సరిగా లేదు. గుమ్మడికాయలను తీసేసిన అమ్మగారు వాటి స్థానంలో ఇక్కడి కాలాన్ని పెట్టలేదు.

జూన్‌లో తొలకరి, నాట్లు, సంక్రాంతికి కోతలు అని పిల్లలు సాధారణంగా పుస్తకాలలో చదువుతారు. పెన్నా డెల్టాలో సెప్టెంబరు నాటికి కోతలు ముగింపుకు వచ్చేది ఎడగారు, అంటే అసలు పంటకు ముందుగా వేసే పంట. మాకు అసలైన పంటకు నారుమళ్లు పడేది ఆ తరువాతనే. ఎందుకంటే మా వానలు ఎక్కువగా నైరుతివి కావు, అక్టోబరు రెండో సగంలో మొదలై డిసెంబరు దాకా ఉండే ఈశాన్య రుతుపవనాలవి. కావ్యాలలో శరత్తు అంటే తేరిన నీరు, నిర్మలమైన ఆకాశం, తెల్లని వెన్నెల. నెల్లూరులో అవే నెలలలో తుపానులు వస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయినది కూడా ఆ శరత్తులోనే. పద్యం నేర్పండి, కాని పిల్లవాడిని కిటికీలోనుంచి బయటకు కూడా చూడనివ్వండి.

అందుకని ఒక సూచన. నిలువు గోడలున్న సీసాను తీసుకొని, పైభాగం కోసి గరాటులా తిరగేసి పెట్టి, పక్కన స్కేలు అంటించి మేడ మీద ఉంచండి. సెప్టెంబరు మొదలు డిసెంబరు దాకా రోజూ ఒకే వేళకు మిల్లీమీటర్లలో రాయించండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా ఒక లీటరు. వంద చదరపు మీటర్ల మేడ మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లు. అక్కడి నుంచి 78 టీఎంసీల సోమశిల జలాశయం దాకా లెక్కలు కట్టవచ్చు. మీ ఐదు వారాల గడువుతో మాత్రం ఇది పొసగదు; అక్టోబరు 20న మీరు పుస్తకం మూసేసే సమయానికి మా వాన అప్పుడే మొదలవుతుంటుంది.

పత్రి గురించి ఒక హెచ్చరిక: ఆ ఇరవై ఒక్కటిలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు విషం గలవి. జిల్లేడు పాలు కంటిలో పడితే ప్రమాదం. ఆరేళ్ల పిల్లవాడి చేత వాటిని తుంచనివ్వకండి. దేవదారు హిమాలయాల చెట్టు, మన మైదానంలో పెరిగేది కాదు. బజారులో ఆ పేరుతో ఇచ్చే ఆకు ఏమిటో పిల్లల చేతనే ఆరా తీయిస్తే అదే మంచి పాఠం.

మెట్ట ప్రాంతం, కనిగిరి

కాలువ కింద సేద్యం చేసేవారికి ఎడగారు, మాగాణి. మా పశ్చిమ మండలాల పిల్లలకు ఈ కాలమంటే కంది చేలు, చినుకు కోసం ఎదురుచూపులు, కొన్ని ఊళ్లలో పొగాకు నారుమళ్లు. కోవూరు కాలాన్ని అన్ని ఊళ్లకూ మూసగా పోయవద్దని మాత్రమే మనవి.

ఇంట్లో చదివించడం చట్టానికి విరుద్ధమా అని చాలామంది అడుగుతుంటారు కనుక ఆ సంగతి కూడా చెప్పేస్తాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అంటుంది. ఇంటి చదువును పేరెత్తి ఒప్పుకోదు, కాదనదు. పద్నాలుగేళ్లు నిండాక జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. ఆ పరీక్షకు పండుగలతో పని లేదు, వరుసలో చదివిన గణితంతోనే పని. కాబట్టి నా ఓటు మాస్టారికే.

నెల్లూరు నుంచి ఒక తల్లి

అక్కా, మీ ప్రణాళిక చదివాక నాకు కలిగిన సందేహం చెబుతాను, ఏమీ అనుకోవద్దు. నెల్లూరు ప్రాంతంలో ఉంటూ పండుగలతో చదువు చెప్పేవారు రొట్టెల పండుగను ఎలా విడిచిపెట్టారు? బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్యం రొట్టె అంటూ అన్ని మతాలవారూ ఇచ్చిపుచ్చుకుంటారు కదా.

దానికి కారణం నేనే చెప్పగలను: అది మొహర్రం నెలలో వస్తుంది, ఆ నెల ఏ ఋతువులోనూ కుదురుగా ఉండదు. 2019లో ఆ పండుగ సెప్టెంబరులో జరిగింది. 2025 నాటికి జూలై మొదటి వారానికి జరిగిపోయింది. ఋతువుకు పండుగను ముడివేసే ఏ ప్రణాళికలోనైనా మా పండుగలు కొన్నేళ్లు ఉంటాయి, తరువాత మాయమవుతాయి. అప్పుడు "ఇతర మతాల పండుగలు" అని చివర ఒక పుట చేరుస్తారు. ఆ పుట నాకు వద్దు.

దాని బదులు, పండుగల తేదీలు ఏటా ఎందుకు అటూ ఇటూ జరుగుతాయన్నదే పాఠంగా పెట్టండి. పన్నెండు చాంద్రమాన మాసాలు కలిపితే 354 రోజులు. సౌర సంవత్సరానికి సుమారు పదకొండు రోజులు తక్కువ. మా పంచాంగం ఆ తేడాను అలాగే వదిలేస్తుంది కనుక సుమారు ముప్పై మూడేళ్లకు పండుగ ఋతువులన్నీ తిరిగి మొదటికి వస్తుంది. మీ పంచాంగం ఆ తేడాను పోగుచేసి మూడేళ్లకు కాస్త ముందుగా ఒక అధిక మాసం చేరుస్తుంది. నిరుడు ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి ఈ ఏడు సెప్టెంబరు 14కు వెళ్లినది ఈ ఏడాది అధిక జ్యేష్ఠం రావడం వల్లనే. మాస్టారు అడిగిన భాగహారం, శేషం అన్నీ ఇందులో ఉన్నాయి. తొమ్మిదేళ్ల పిల్లకు ఇవి తేలిక లెక్కలేమీ కావు.

విశ్రాంత గణితం, ఒంగోలు

అమ్మా, ఇది అసలైన గణితమే, ఒప్పుకుంటున్నాను. వర్షమాపకం కూడా అంతే. అయితే ఈ రెండింటినీ ఇచ్చినది పండుగ వేడుక కాదు. ఒకదాన్ని ఆకాశం ఇచ్చింది, మరొకదాన్ని వాన ఇచ్చింది. ఉండ్రాళ్లలో నుంచి ఇంతటి లెక్క ఎవరూ చూపలేదు. పైగా ఇవి వచ్చిన గణితాన్ని వాడుకునే అవకాశాలే గాని, రాని గణితాన్ని నేర్పే పాఠాలు కావు.

కావలి అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, ఒక విషయంలో మీతో ఏకీభవించలేను. మీరు ఇద్దరు పిల్లలనూ ఒకే తూకంలో వేస్తున్నారు. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం సైతం ఆట, కథ, పరిసరాల ద్వారానే చదువు సాగాలంటుంది. ఆరేళ్ల మా వాడికి అక్షరం కంటే ముందు ఆకు తెలుస్తుంది. వాడి ఐదు వారాలూ నేను అనుకున్నట్టే నడుస్తాయి, విషపు ఆకులను మాత్రం నేనే కోసి చూపిస్తాను.

అమ్మాయికి ఉదయం గంటసేపు లెక్కలు పుస్తకం వరుసలోనే ఉంటాయి, దసరా నాడు తప్ప. చరిత్ర విషయంలో పరిష్కారం ఇంకా తేలిక: గోడమీద పొడవైన కాలరేఖ గీసి, ఏ రోజున ఏ సంఘటన చదివినా దానిని ఆ రేఖ మీద తన స్థానంలో అంటిస్తాము. ఫలితం నుంచి కారణం వైపు వెనక్కి నడవడం చరిత్రకు కొత్త కాదు. పల్లిపాడులో గాంధీ గారు 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహాశ్రమం చూడాలంటే జయంతి రోజున వెళ్తేనే పిల్లలకు మనసుకు పడుతుంది. ఏప్రిల్ ఎండ దాకా ఆగాల్సిన పని లేదు. వర్షమాపకాన్ని డిసెంబరు చివరిదాకా పొడిగిస్తున్నాను. చెల్లి చెప్పిన పంచాంగం లెక్క రెండో వారంలో, నీడల పాఠం పక్కనే చేరుతుంది. అది చివరి పుట కాదు.

నీడల గురించి మాస్టారినే అడగాలి. మీటరు కర్ర నిలబెట్టి నడిమధ్యాహ్నపు నీడ కొలిపించాలని ఉంది. ఆ వయసు పిల్లకు దానితో ఏమి చేయించవచ్చు?

విశ్రాంత గణితం, ఒంగోలు

పండుగలతో గణితం వద్దన్న మాటను నేను వెనక్కి తీసుకోవడం లేదు. కాని నీడ సంగతి వేరు.

సెప్టెంబరు 23న సూర్యుడు భూమధ్యరేఖకు నేరుగా ఉంటాడు కనుక నీడ మీ అక్షాంశాన్నే చూపుతుంది. మీటరు కర్రకు నెల్లూరులో సుమారు 26 సెంటీమీటర్లు, కావలిలో దాదాపు 27, ఒంగోలులో దాదాపు 28 వస్తుంది. మన వైపు ఆ రోజు సూర్యుడు నడినెత్తికి చేరేది గడియారంలో పన్నెండు దాటిన రెండు మూడు నిమిషాలకు; పన్నెండింబావు దాకా కొలుస్తూ అన్నిటికంటే పొట్టి నీడను తీసుకోండి. త్రికోణమితి అక్కరలేదు. కర్రను, నీడను కాగితం మీద పదో వంతు కొలతతో గీయించి, కోణమానినితో కోణం చూడమనండి. మబ్బు పడుతుందన్న భయముంటే 20వ తేదీ నుంచే మొదలుపెట్టండి; ఆ రోజుల్లో నీడ రోజుకు ముప్పావు సెంటీమీటరు దాకా పెరుగుతుంది, ఆ పెరుగుదలను గ్రాఫు గీయించండి.

నెల్లూరు నుంచి ఒక తల్లి

అయితే ఆ రోజు నెల్లూరులో మా అబ్బాయి, ఒంగోలులో మీరు కొలిస్తే, రెండు కోణాల తేడాతో భూమి చుట్టుకొలత తేల్చవచ్చు కదా మాస్టారూ?

విశ్రాంత గణితం, ఒంగోలు

సూత్రం సరే, దూరం చాలదు. మన రెండు ఊళ్ల నడుమ అక్షాంశపు తేడా ఒక డిగ్రీకి కొంచెం ఎక్కువ. పిల్లల కోణమానినిలో అర డిగ్రీ పొరపాటు సహజం. అంత పొరపాటు జరిగితే భూమి ఉన్నదానికి దాదాపు రెట్టింపు అవుతుంది. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా వెళ్తే తేడా దాదాపు నాలుగు డిగ్రీలు, అక్కడి నీడ 33 సెంటీమీటర్లు. అప్పుడు అదే అర డిగ్రీ పొరపాటును భరించవచ్చు. రెండు ఊళ్లూ ఒకే రేఖాంశం మీద లేకపోయినా ఫరవాలేదు, ఎవరి మధ్యాహ్నం వారు చూసుకోవాలి. దూరం మాత్రం రోడ్డు లెక్కన కాక, పటంలో ఉత్తర దక్షిణాలుగా కొలవాలి. అది సుమారు 430 కిలోమీటర్లు ఉంటుంది. శ్రీకాకుళం వైపు పిల్లలున్నవారు ఈ చర్చను చదువుతుంటే, 23వ తేదీకి ఒక మీటరు కర్ర సిద్ధం చేసుకొని ఇక్కడ తెలియజేయండి.