‘ఫిరంగి’ మాట క్రైస్తవులను తిట్టడానికి పుట్టిందా?

ప్రశ్న (గాజువాక నుంచి, తెలుగు టీచరు)

అందరికీ నమస్కారం. నిన్న తొమ్మిదో తరగతిలో బొబ్బిలి యుద్ధం గురించి చెబుతూ బోర్డు మీద ‘ఫిరంగులు’ అని రాశాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, “మేడమ్, ఫిరంగి అంటే కిరస్తానీవాళ్లు. తురకలు వాళ్లను తిట్టడానికి పెట్టిన పేరది. వాట్సాప్‌లో వచ్చింది” అన్నాడు. క్లాసులో ఇద్దరు ముస్లిం పిల్లలు, ఐదారుగురు క్రైస్తవ పిల్లలు ఉన్నారు. ఒక్కసారిగా క్లాసంతా నిశ్శబ్దం. ఫిరంగి అంటే గుండ్లు పేల్చే ఆయుధం అని చెప్పి పాఠం ముందుకు నడిపించేశాను కానీ అప్పటినుంచీ టెన్షన్‌గానే ఉంది. సోమవారం మళ్లీ ఆ క్లాసుకి వెళ్లాలి. అసలు సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (వన్ టౌన్ నుంచి)

టీచరు గారూ, మీ కుర్రాడు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. అందుకే దాన్ని కొట్టిపారేయకుండా నిదానంగా విప్పి చెప్పాలి. కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ఫ్రాంకులు అని ఐరోపాలో ఒక జాతి. ఫ్రాన్స్ దేశానికి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. అరబ్బులు వాళ్లను ‘ఇఫ్రంజ్’ అన్నారు. 1095లో క్లెర్మోంట్ సభలో పోప్ రెండో అర్బన్ పిలుపు ఇచ్చాక శిలువ యుద్ధాల సైన్యాలు బయల్దేరాయి. 1099 జులైలో జెరూసలేం పట్టుకుని ముస్లింలనూ యూదులనూ ఊచకోత కోశాయి. ఆ సైన్యాల్లో ఫ్రెంచివాళ్లే కాదు, జర్మన్లు, ఇటలీవాళ్లు, నార్మన్లు కూడా ఉన్నారు. అరబ్బులకు ఆ తేడాలు పట్టలేదు. పడమటి నుంచి కత్తి పట్టుకుని వచ్చినవాడల్లా ఇఫ్రంజే.

కానీ సిరియాలో, పాలస్తీనాలో, ఈజిప్టులో తరతరాలుగా బతుకుతున్న క్రైస్తవులను ఎవరూ ఇఫ్రంజ్ అనలేదు. వాళ్లు ‘నసారా’, అంటే నజరేతువాడైన యేసు మనుషులు. కాన్‌స్టాంటినోపుల్‌ని (ఇప్పటి ఇస్తాంబుల్) ఏలే క్రైస్తవులు ‘రూమ్’, అంటే రోమువాళ్లు. మతం ఒక్కటే అయినా మూడు పేర్లు. కాబట్టి ఫిరంగి అంటే క్రైస్తవుడు అన్న మాట పుట్టుకలోనే తప్పు. అది దండెత్తి వచ్చినవాడి పేరు. ఆ దండు క్రైస్తవులనూ వదల్లేదు. 1204లో కాన్‌స్టాంటినోపుల్ మీద పడి, చర్చిలతో సహా దోచుకున్నది ఈ శిలువ యోధులే.

ఇక్కడ ఒక సంఘటన చెప్పకుండా ఉండలేను. ఉసామా ఇబ్న్ ముంఖిద్ అని సిరియా సర్దారు ఒకాయన ఉండేవాడు. పోప్ పిలుపు ఇచ్చిన 1095లోనే పుట్టాడు. జెరూసలేం వెళ్లినప్పుడు, అక్కడ టెంప్లర్లనే క్రైస్తవ యోధులు ఆయనకు స్నేహితులు. ఆయన నమాజు చేసుకోవడానికి ఒక చిన్న మసీదు ఖాళీ చేసి ఇచ్చేవారు. ఒకరోజు నమాజులో నిలబడి ఉండగా ఒక ఫ్రాంకు దూసుకొచ్చి ఆయన్ని పట్టుకుని, మొహం తూర్పుకి తిప్పి, “ఇలా ప్రార్థించు” అన్నాడట. టెంప్లర్లు వచ్చి వాణ్ణి లాగేశారు. వాడు మళ్లీ వచ్చి మళ్లీ తిప్పాడు. మళ్లీ లాగేసి, ఉసామాకి క్షమాపణ చెప్పుకున్నారు: ఇతను ఈమధ్యే తన దేశం నుంచి వచ్చాడు, తూర్పు వైపు కాకుండా ప్రార్థించేవాళ్లను ఎప్పుడూ చూడలేదు అని. ఇది ఉసామాయే రాసుకున్నాడు. వీలైతే పిల్లలకు ముందు ఇది చెప్పండి. అక్కడ మొహం తిప్పినవాడూ క్రైస్తవుడే, ఆపినవాళ్లూ క్రైస్తవులే. వాళ్ల మధ్య తేడా, ఆ ఊళ్లో ఇరుగుపొరుగుతో ఎన్నాళ్లు కలిసి బతికారన్నదే.

ఇక మాట ప్రయాణం. అరబ్బీ ఇఫ్రంజ్ పారశీకంలో ‘ఫరంగ్’, ‘ఫరంగీ’ అయింది. 1498లో పోర్చుగీసువాళ్లు కాలికట్ చేరేసరికి వాళ్లకు పెట్టడానికి పేరు సిద్ధంగా ఉంది. ఓడల మీద ఫిరంగులతో వచ్చారు కాబట్టి మనిషి పేరు ఆయుధానికీ అంటుకుంది. బాబరు తన ఆత్మకథలో ఒక రకం తుపాకుల్ని ఈ పేరుతోనే రాశాడు. చైనావాళ్లు కూడా పోర్చుగీసువాడినీ, వాడు తెచ్చిన తుపాకినీ ఒకే మాటతో ‘ఫొలాంగ్‌జీ’ అన్నారు. దక్కనులో ఐరోపా రేకుతో చేసిన తిన్నని కత్తి కూడా ఫిరంగే. పదహారో శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలో సిఫిలిస్ అనే సుఖరోగానికి ‘ఫిరంగ రోగం’ అని పేరు పెట్టారు. టర్కీ భాషలో ఈనాటికీ ఆ జబ్బు ‘ఫ్రెంగీ’యే. మందుల కొట్లో దొరికే పరంగి చెక్క ఒకప్పుడు ఆ జబ్బుకి వాడిన వేరు.

మన తెలుగులోకి ఈ మాట రెండు దారుల్లో వచ్చిందని నా ఉద్దేశం. ఫారసీ, ఉర్దూ నోట గోల్కొండ మీదుగా వచ్చింది ‘ఫిరంగి’. దక్షిణాది రేవుల నుంచి, అరవ, మలయాళాల మీదుగా వచ్చింది ‘పరంగి’. రాయలసీమవాళ్లు బొప్పాయిని పరంగికాయ అంటారు కదా, ఆ పరంగి. మొదటిది ఆయుధంగా స్థిరపడింది, రెండోది కాయల్లో, వేళ్లలో మిగిలింది.

బిజాపూర్ కోటలో మాలిక్-ఎ-మైదాన్ అనే పెద్ద ఫిరంగి ఉంది. దాని మూతి ఏనుగుని నమిలే సింహం తల ఆకారంలో ఉంటుంది. 1549లో అహ్మద్‌నగర్‌లో దాన్ని పోతపోసినాయన పేరు చివర ‘రూమీ’ అని ఉంటుంది. ఆ పేరుతో పిలిపించుకున్నవాళ్లు టర్కీ నేల నుంచి వచ్చిన ముస్లింలు. క్రైస్తవ రోము పేరు ముస్లింకి, పడమటి క్రైస్తవుడి పేరు అతను పోసిన ఆయుధానికి. పేర్లు మతాల హద్దులు దాటి ఎంత స్వేచ్ఛగా తిరిగాయో దాని దగ్గర నిలబడితే తెలుస్తుంది.

మీ పాఠానికే వస్తాను. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద పేలిన ఫిరంగులు ఫ్రెంచి సేనాని బుస్సీవి. బొబ్బిలి కథలో ఫ్రెంచివాళ్లను ‘పరాసులు’ అన్నారు, ఫ్రెంచి అన్న మాటే అలా మారింది. బుస్సీ క్రైస్తవుడు. అతని దివాను హైదర్ జంగ్ ముస్లిం. వెంట ఉన్న విజయనగరం రాజు హిందువు. ముగ్గురూ ఒక వైపే. పిల్లల్ని అడగండి, ఆ ఫిరంగిది ఏ మతమో.

వ్యాఖ్య (మద్దిలపాలెం నుంచి)

అన్నగారూ, బాగుంది కానీ మరీ మెత్తగా చెబుతున్నారేమో. మన విశాఖలోనే 1689లో ఔరంగజేబు సైన్యం ఇంగ్లీషువాళ్ల ఫ్యాక్టరీని (అంటే వర్తక స్థావరాన్ని) పట్టుకుని వాళ్లను చంపేసింది కదా. అది క్రైస్తవులకీ ముస్లింలకీ పోరు కాదా?

జవాబు (వన్ టౌన్)

కాదు తమ్ముడూ. చంపినమాట నిజం, దాన్ని దాచక్కర్లేదు. కానీ అంతకు మూడేళ్ల ముందు, 1686లో, సుంకాల దగ్గర, వ్యాపార హక్కుల దగ్గర ఈస్టిండియా కంపెనీ మొగలులతో యుద్ధానికి దిగింది. మొగలుల ఓడల్ని పట్టుకుంది. దానికి బదులుగా మొగలులు ఫ్యాక్టరీల మీద పడ్డారు. 1690లో కంపెనీ లక్షన్నర రూపాయలు జరిమానా కట్టి, క్షమాపణ చెప్పుకుంటే ఔరంగజేబు మళ్లీ వ్యాపారానికి ఫర్మానా ఇచ్చాడు. మతం కోసమే అయితే జరిమానాతో సరిపోయేదా? ఇంకో సంగతి, అదే ఔరంగజేబు 1687లో గోల్కొండని కూల్చాడు. గోల్కొండ సుల్తాను కూడా ముస్లిమే.

మతం పేరుతో దౌర్జన్యం జరగలేదని నేను అనడం లేదు. జరిగింది. 1502లో వాస్కో డ గామా మక్కా యాత్రికులతో తిరిగొస్తున్న ఓడని దోచుకుని, ఆడవాళ్లూ పిల్లలూ ఉండగానే తగలబెట్టాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. అదే పోర్చుగీసువాళ్ల పెత్తనంలో 1599లో కేరళలోని ఉదయంపేరూరులో సభ పెట్టి, నస్రాణీలనే అక్కడి పాత క్రైస్తవుల సిరియాక్ భాషా గ్రంథాలు తప్పులతడకలని కాల్పించారు. యేసునే కొలిచే మనుషుల ప్రార్థన పుస్తకాల్ని, మా భాషలో లేవు, మా పద్ధతిలో లేవు అని కాల్చడం! నస్రాణీలు యాభై ఏళ్లు ఓర్చుకుని, 1653లో మట్టాంచేరిలో శిలువ ముందు నిలబడి ఇక జెసూట్లనే కాథలిక్ పాదిరీలకు లోబడమని ప్రమాణం చేశారు. సాంస్కృతిక సామ్రాజ్యవాదం అంటే ఇదీ. అది ముస్లిం ఓడనీ కాల్చింది, క్రైస్తవ గ్రంథాన్నీ కాల్చింది.

మదురైలో అప్పటి పాదిరీలు మతంలో చేరేవాళ్లను “పరంగి కులంలో చేరతావా?” అని అడిగేవారట. 1606లో అక్కడికి వచ్చిన రాబర్టో డి నోబిలి అనే పాదిరీ ఆ మాట విని మండిపడ్డాడు. కాషాయం కట్టి, తమిళం, సంస్కృతం, మన తెలుగు కూడా నేర్చుకుని, తాను పరంగిని కానని చాటుకున్నాడు. క్రైస్తవుడు కావడానికి పరంగి కానక్కర్లేదని ఒక క్రైస్తవ గురువే నాలుగు వందల ఏళ్ల కింద చెప్పాడు. వాట్సాప్ మెసేజ్ రాసినాయనకి ఇది తెలియాలి.

వ్యాఖ్య (గాజువాక, టీచరు)

చాలా థాంక్సండీ. ఇంకో సందేహం. ఆ కుర్రాడు ‘తురకలు’ అన్నాడు. నేను దాన్ని పట్టించుకోలేదు, మా ఇంట్లో కూడా అలాగే అంటారు. అది తప్పా?

జవాబు (వన్ టౌన్)

అమ్మా, దీనికి పుస్తకాల్లోంచి కాదు, నా చిన్నతనంలోంచి చెబుతాను.

మాది పాత పోస్టాఫీసు దగ్గర. రేవు మీద మూడు కొండలు మీకు తెలుసు కదా: రాస్ కొండ మీద మేరీమాత గుడి, పక్కన దర్గా కొండ, ఆ పక్కన వెంకటేశ్వరస్వామి కొండ. మా నాన్న పోర్టులో పనిచేసేవారు. నెలజీతం వచ్చాక మూడు కొండలూ ఎక్కించేవారు. మా అమ్మ వాటిని కిరస్తానం కొండ, తురకల కొండ, స్వామి కొండ అనేది. ఆమె మాటలో ద్వేషం రవ్వంత కూడా లేదు. దర్గాలో తాయెత్తు కట్టించుకుని వచ్చి ఏడాది పొడుగునా తీసేది కాదు.

నాకు పన్నెండేళ్లప్పుడు రంజాన్ రోజు స్నేహితుడింటికి వెళ్లాను. వాళ్లమ్మని నేనూ చాచీ అనే పిలిచేవాణ్ణి. సేమ్యా గిన్నె నా చేతిలో పెడుతూ, ఎక్కడికెళ్తున్నావని మీ అమ్మ అడగలేదా అంది. “తురకోళ్ల ఇంటికి వెళ్తున్నానని చెప్పొచ్చాను చాచీ” అన్నాను. గరిటె గిన్నె మీద అలాగే ఆగిపోయింది. ఒక్క క్షణమే. తర్వాత ఇంకో గరిటె వేసి, జీడిపప్పు ఏరి పైన పెట్టింది. ఏమీ అనలేదు. నా స్నేహితుడు మాత్రం నేల చూశాడు. నలభై ఏళ్లు దాటాయి, ఆ ఆగిన గరిటె నాకు కళ్ల ముందే ఉంది.

తురక అంటే టర్కు జాతి పేరు, తురుష్క. మన శాసనాల్లో, పాత కావ్యాల్లో చాలాచోట్ల అది తిట్టు కాదు. ఐరోపావాళ్లు కూడా ముస్లిములందర్నీ ‘టర్కులు’ అనేవారు, ఇంగ్లీషులో ఇస్లాంలో చేరడాన్ని ‘టర్కు అవడం’ అనేవారు. అటువాళ్లు ఇటువాళ్లందర్నీ టర్కులన్నారు, ఇటువాళ్లు అటువాళ్లందర్నీ ఫ్రాంకులన్నారు. మన తెలుగు రెండు పేర్లూ ఏరుకుంది. ఒకటి ఆయుధమై నిర్జీవంగా మిగిలింది కాబట్టి ఎవరికీ గుచ్చుకోదు. రెండోది బతికున్న మనుషుల మీద, పొరుగింటివాళ్ల మీద ఇంకా వాడుతున్నాం. తెలుగే మాట్లాడుతూ తెలుగునేల మీద పుట్టినవాడిని టర్కీవాడు అనడం కదా అది. కావ్యంలో ఉంటే ఉన్నట్టు చదువుదాం. నోటితో మాత్రం వద్దు. ‘ముస్లింలు’ అందాం, పేరు తెలిస్తే పేరు పెట్టి పిలుద్దాం. ‘కిరస్తానీ’ కూడా అంతే, ఆ మాటని ఎవరి నోటా గౌరవంగా నేను వినలేదు.

వ్యాఖ్య (మద్దిలపాలెం)

అలాగైతే గోడల మీద ‘సువార్త క్రూసేడ్’ పోస్టర్ల సంగతో?

జవాబు (వన్ టౌన్)

వాళ్ల ఉద్దేశం ప్రార్థన సభ అనే, దాంట్లో సందేహం లేదు. కానీ క్రూసేడ్ అంటే శిలువ యుద్ధమే, వినేవాడికి 1099 గుర్తొస్తే తప్పు వినేవాడిది కాదు. 2001లో అమెరికా అధ్యక్షుడు బుష్ ఉగ్రవాదం మీద పోరుని ఆ మాటతో పిలిచి, ప్రపంచమంతా అభ్యంతరం చెబితే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. మనకు ‘సువార్త మహాసభలు’, ‘ఉజ్జీవ సభలు’ అని చక్కని మాటలున్నాయి. మాకు తెలిసిన ఒక పాస్టరు గారితో ఇదే చెబితే, వచ్చే పోస్టరులో మారుస్తామన్నారు.

వ్యాఖ్య (గుంటూరు జిల్లా నుంచి)

మాది ఫిరంగిపురం. బాలయేసు గుడి ఉన్న ఊరు. మా ఊరి పేరు ఆయుధం వల్ల వచ్చిందా, తెల్లవాళ్ల వల్ల వచ్చిందా?

జవాబు (వన్ టౌన్)

రెండు రకాలుగానూ చెప్పుకోవచ్చండీ, మాట రెండింటికీ ఒకటే కాబట్టి. పక్కనే కొండవీటి కోట ఉంది, ఆయుధమన్నా నమ్మొచ్చు. మీ ఊళ్లో ఎనభై దాటిన పెద్దవాళ్లను అడిగి, వాళ్లేం చెబుతారో, ‘ఫి’ అంటారో ‘పి’ అంటారో, వాళ్ల మాటల్లోనే ఇక్కడ రాయండి. టీచరు గారికి సోమవారం క్లాసు ఉంది, వీలైతే ఆదివారం లోపే.