ఎల్పీ గ్రామఫోన్ రికార్డులు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తే గొంతు పీలగా వస్తోంది, ఏం చేయాలి?

ప్రొద్దుటూరు మైక్‌సెట్:
మా నాయనకు ప్రొద్దుటూరులో మైక్‌సెట్ ఉండేది. పెండ్లిళ్లకు, శ్రీరామనవమి పందిళ్లకు బాడుగకిచ్చేవాడు. ఆయన పోయినాక అటక మీది ట్రంకుపెట్టెలు దించితే 41 ఎల్పీలు, నిమిషానికి 78 చుట్లు తిరిగే మందపాటి పాత ప్లేట్లు (78లు) ఏడు దొరికాయి. కవర్ల మీద ఆయన చేతిరాత: "తలంబ్రాలకు 3వది". అవన్నీ ఫైళ్లు చేసి అక్కలకు పంపాలని సెకండ్‌హ్యాండ్ టర్న్‌టేబుల్ కొన్నా. దాని వైరు ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో పెట్టి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేస్తే గొంతు పీలగా వస్తోంది, తబలా ఉన్నట్టే లేదు, వెనకాల గుయ్యిమని మోత. ముల్లు పోయిందా, ప్లేట్లే అరిగిపోయాయా?

కర్నూలు కుర్రోడు:
స్పీకరు ముందు ఫోన్ పెట్టి రికార్డు చేసేయ్ అన్నా. ఎందుకంత టెన్షన్!

అనంతపురం పాత రేడియో:
ఆ పని మాత్రం చేయొద్దు. నేను ఒకసారి అట్లే చేస్తే పాటతో పాటు ఫ్యానూ, వీధిలో కూరగాయల బండీ ఎక్కాయి.

ముల్లును అనుమానించే ముందు మీ వైరు చూడండి. ఎల్పీలో గాడి కోసేటప్పుడే బేస్ (బరువైన శబ్దం) తగ్గించి, ట్రెబుల్ (సన్న శబ్దం) పెంచి కోస్తారు. బేస్ ఉన్నదున్నట్టు కోస్తే గాడి మరీ వెడల్పయి, ప్లేటులో పాటలు పట్టవు. 1954 నుంచి దీనికి ఆర్ఐఏఏ అనే ఒకే లెక్క ఉంది. వినేటప్పుడు దాన్ని తిరగేసి సరిచేసేది ఫోనో ప్రీయాంప్. మీకు అదే లేదు, అందుకే తబలా మాయం. టర్న్‌టేబుల్ వెనక ఫోనో, లైన్ అని స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే ప్రీయాంప్ లోపలే ఉన్నట్టు, లైన్‌కు మార్చండి. లేకుంటే విడిగా కొనాలి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రం చాలావాటికి మోనోనే, అంటే కుడి ఎడమలు విడిగా రావు, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్‌కార్డు వాడండి.

మోతకు ముందు చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. మా ఇంట్లో సగం మోత దానిదే. ఎర్ర, తెల్ల పిన్నులతో పాటు సన్న తీగ ఒకటి వస్తుంది. దాన్ని ప్రీయాంప్ మీది గ్రౌండ్ స్క్రూకు బిగించండి.

ఆడాసిటీలో రికార్డింగ్ మీటరు ఎంత ఎగిరినా మైనస్ 6 డీబీ దాటనీయకండి. శబ్దాన్ని కుదించని వేవ్ ఫైళ్లుగా దాచండి. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ అయితే నిమిషానికి దాదాపు 16 ఎంబీ. ఎంపీ3లు అక్కలకు చాలు, మీ దగ్గర మాత్రం వేవ్ ఉండాల్సిందే.

ప్రొద్దుటూరు మైక్‌సెట్:
స్విచ్ ఉందన్నా! దుమ్ములో కనపడలేదు. సౌండ్‌కార్డు తెప్పించి లైన్‌కు మార్చితే తబలా వచ్చేసింది, చార్జర్ తీస్తే మోతా పోయింది. కానీ తలంబ్రాల పాట మొదట్లో టపటపమంటోంది. నాయన ప్రతి పెండ్లిలో ముల్లు అక్కడే దించేవాడు కదా. ఆడాసిటీలో టపటపలు తీసేసే క్లిక్ రిమూవల్ కొడితే తగ్గింది గానీ మృదంగం దెబ్బ మొద్దుబారింది. ఆ ముక్క అట్లే వదిలేసినా. 78ల సంగతి కూడా చెప్పన్నా.

అనంతపురం పాత రేడియో:
వదిలేయడమే మేలు. 78ల గాడి వెడల్పు, ఎల్పీ ముల్లు అడుగున దొర్లుతుంది. వాటికి వేరే ముల్లు కొనండి. స్పిరిట్‌తో మాత్రం తుడవకండి, అవి లక్క ప్లేట్లు, కరిగిపోతాయి. మీ టర్న్‌టేబుల్‌లో 78 స్పీడు లేకుంటే 45లో రికార్డు చేసి, ఆడాసిటీలో ఛేంజ్ స్పీడ్‌తో 78కి మార్చుకోండి. పెట్టెలు మళ్లీ అటకెక్కించొద్దు. మన ఎండలకు ఎల్పీలు అప్పడాల్లా వంకర్లు పోతాయి. నిలబెట్టి పెట్టండి.