నాన్న నిద్రలో ఉండగా రిమోట్‌తో మిషన్ తగ్గించాను. తప్పేనా?

కొండపి అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది కొండపి దగ్గర పల్లె. నాన్నకి 61 ఏళ్లు, పార్కిన్‌సన్స్ వచ్చి పదకొండేళ్లు. మాత్ర వేసుకున్న రెండు గంటలకే మళ్లీ బిగుసుకుపోయేవాడు. 2024 ఆగస్టులో హైదరాబాద్‌లో డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) చేయించాం, అంటే వణుకు, బిగుసుకుపోవడం తగ్గడానికి మెదడుకి సన్నగా కరెంటు పంపే ఆపరేషన్. మెదడులోకి రెండు తీగలు, కాలర్ ఎముక కింద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద మిషన్.

ఆపరేషన్ మీద నాకు ఫిర్యాదు లేదు. మా ఇంట్లో పొగాకు గ్రేడింగ్ ఎప్పుడూ నాన్నదే. ఆకు కాడ పట్టుకుని వెలుతురుకి ఎత్తి, బ్రైటా, మీడియమా, లో గ్రేడా ఒక్క చూపులో చెప్పేవాడు. జబ్బు ముదిరాక ఆకు చేతిలో నిలిచేది కాదు. ఎండాకు కదా, గలగలమని అంచులు రాలిపోయేవి. మిషన్ ఆన్ చేసిన రోజు తన చెయ్యి తనే చూసుకుంటూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

కానీ మనిషి మారాడు. అప్పు పేరెత్తితేనే భయపడే నాన్న, అమ్మకి చెప్పకుండా పన్నెండెకరాలు కౌలుకి పట్టాడు. పొగాకు కాల్చే బ్యారన్లు ఇంకో రెండు అద్దెకి తీసుకున్నాడు. రాత్రి రెండింటికి లేచి లెక్కలు రాస్తాడు. అడిగితే, "పదకొండేళ్లుగా మీరు చూసింది జబ్బు మనిషిని. ముప్పై ఏళ్లప్పుడు నేను ఇట్టాగే ఉండేవాణ్ణి" అంటాడు. "అప్పుడూ పక్కన ఉన్నది నేనే, ఇట్టా లేడు" అంటుంది అమ్మ. నేను అప్పటికి పుట్టలేదు. ఎవరి మాట నమ్మను?

డాక్టరు గారు పెట్టిన హద్దుల్లో కొంచెం పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి ఇంటికి ఒక రిమోట్ ఇచ్చారు. మార్చిలో ఒక రాత్రి అమ్మ టార్చి పట్టుకుంది. నేను రిమోట్ నాన్న చొక్కా మీద ఆ ఉబ్బు దగ్గర పెట్టి కరెంటు 3.2 నుంచి 2.7కి దించాను. నిద్రలో వణుకు ఉండదు, కాబట్టి ఆయనకి తెలియలేదు. తెల్లారి వసారాలోంచి ఆకు గలగల వినిపించింది. వెళ్లి చూస్తే ఆకు కింద పెట్టేసి, ఎడమ చేత్తో కుడి చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. "అమ్మాయ్, బ్యాటరీ అయిపోయినట్టుంది" అన్నాడు. అంత భయం ఆయన మొహంలో ఎప్పుడూ చూడలేదు. చూస్తానని చెప్పి రిమోట్ తెచ్చి మళ్లీ పెంచాను. "నువ్వుంటే నాకు దిగుల్లేదు" అన్నాడు.

ఆ మాట నన్ను తినేస్తోంది. ఆయనకి చెప్పాలా? అసలు ఏ నంబరు దగ్గర ఉన్నాయన మా నాన్న?

కావలి మాస్టారు:

అమ్మా, నాకు డీబీఎస్ అయి ఐదేళ్లు. నాది మీ నాన్నగారికి పూర్తిగా ఎదురు. ఆపరేషన్ తర్వాత మాత్రలు బాగా తగ్గించారు. చేతులు బాగయ్యాయి గానీ దేని మీదా మనసు పోయేది కాదు. మనవరాలు గేటు తీసుకుని పరుగెత్తుకొస్తున్నా కుర్చీలోంచి లేవాలనిపించలేదు. అది దిగులు కూడా కాదు, ఏమీ లేకపోవడం. "చేతులు బాగయ్యాయిగా, ఇంకేంటి" అనేవాళ్లు ఇంట్లో. మాత్ర కాస్త పెంచాక గానీ తేరుకోలేదు.

అందుకే మారాడని మీరు అనడాన్ని నేను కొట్టిపారేయను. కానీ నిద్రలో తగ్గించడం మాత్రం తప్పు. నా ఛాతీలో ఉన్నదాన్ని నాకు తెలియకుండా ఎవరో తిప్పారని తెలిస్తే, ఆ తర్వాత నాకు కోపం వచ్చినా సంతోషం వచ్చినా ఇది నాదా, ఎవరైనా నొక్కారా అని అనుమానమే. ఆయనకి చెప్పు తల్లీ. రిమోట్ ఆయన చేతికే ఇవ్వు.

ఒంగోలు నర్సు:

న్యూరో విభాగంలో పనిచేశాను కాబట్టి చెప్తున్నాను. మెదడులో సాధారణంగా తీగ పెట్టే చోటు, సబ్‌థాలమిక్ న్యూక్లియస్, చిన్న చిక్కుడు గింజంత ఉంటుంది. అందులో కదలికల భాగాన్ని ఆనుకునే మనసుకి, ఉద్రేకానికి సంబంధించిన భాగం ఉంటుంది. సెకనుకి 130 సార్లు వెళ్లే కరెంటు అటు కాస్త పాకినా నిద్ర తగ్గుతుంది, హుషారు హద్దు దాటుతుంది. తీగ కొసన కరెంటు బయటికొచ్చే కాంటాక్టులు కనీసం నాలుగు ఉంటాయి. ఏది వాడాలో డాక్టరు మార్చి చూడొచ్చు. అంటే వణుకో, హుషారో ఏదో ఒకటే ఎంచుకోవాల్సిన పని లేకపోవచ్చు. ఇంట్లో రిమోట్‌తో ఆ పని జరగదు. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి పార్కిన్‌సన్స్ మాత్రలు వాడుతుంటే అవి కూడా చెప్పండి, విపరీతమైన ఖర్చు, జూదం వాటి వల్ల కూడా వస్తాయి. రాత్రి రెండింటికి లేవడం గురించి వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఇవాళే ఫోన్ చేయండి.

నెదర్లాండ్స్ డాక్టర్లు 2004లో ఒక కేసు రాశారు. మిషన్ ఆన్‌లో ఉంటే ఆ రోగికి ఉన్మాదం, ఆపితే మంచం దిగలేడు. ఏది కావాలో ఆపి ఉంచినప్పుడు ఆయన్నే అడిగారు. ఆన్ చేయమన్నాడు, మానసిక ఆసుపత్రిలో ఉండటానికి ఒప్పుకునే. నాకు ఆ ఎంపిక కంటే, అడిగిన తీరు ముఖ్యం అనిపిస్తుంది. మన 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కూడా, తన మానసిక వైద్యం గురించి ఒకరు తీసుకున్న నిర్ణయం పక్కవాళ్లకి తప్పుగా కనిపించినంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయించుకునే శక్తి లేదనకూడదని చెప్తుంది.

మాస్టారి మాటతో ఒక్కచోట ఏకీభవించను, రిమోట్ ఆయన చేతికి ఇచ్చేస్తే సరిపోదు. టార్చి పట్టుకున్న ఆ అమ్మని కూడా ఎవరైనా కూర్చోబెట్టి వినాలి. అప్పు ఆవిడ నెత్తిన కూడా పడుతుంది.

టంగుటూరు రైతు:

చెల్లెమ్మా, ఒక్క మాట. 2024 పొగాకు వేలంలో పలికిన రేటు చూసి మా ఊళ్లో ఏ జబ్బూ లేనివాళ్లు కూడా కౌలుకి ఎగబడ్డారు. నేనూ పట్టాను. నాకు ఏ మిషనూ లేదు. మీ నాన్న చేసిన ప్రతి పనీ మిషన్ మీద రాయకండి.

కొండపి అమ్మాయి:

అందరికీ రుణపడి ఉంటాను. నిన్న సాయంత్రం పొగాకు మండె దగ్గర కూర్చుని నాన్నకి చెప్పేశాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎంతకి దించావు?" అన్నాడు. 2.7 అన్నాను. "ఈసారి దించాలంటే నన్ను లేపి దించు" అన్నాడు. తిట్టలేదు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

రిమోట్ ఇప్పుడు ఆయన దిండు కింద ఉంది. డాక్టరు గారికి ఫోన్ చేశాను, సోమవారం రమ్మన్నారు. కౌలు సంగతి ఇంకా తేలలేదు. ముగ్గురం వెళ్తున్నాం. చెప్పాల్సిందేదో అక్కడ నాన్న ముందే చెప్తానంది అమ్మ.