ఆటలమ్మ టీకా: పెద్దాడికి ఇప్పుడే వేయించాలా?

ప్రశ్న (కావలి): బాబుకి 6 ఏళ్లు, ఒక్క డోసూ పడలేదు. నిన్న వాడి క్లాసులో ఒకరికి ఆటలమ్మ పోసింది. పాపకి 16 నెలలు, 10 రోజుల కిందట అంగన్‌వాడీలో ఎమ్మార్ (తట్టు, రుబెల్లా టీకా) వేశారు. ఇద్దరికీ వేయించెయ్యొచ్చా అండీ?

జవాబు 1: బాబుకి ఆలస్యం చెయ్యొద్దండీ. జబ్బు ఉన్నవాళ్లతో కలిసిన 3 రోజుల్లోపు, మరీ కాదంటే 5 రోజుల్లోపు వేస్తే జబ్బు రాకపోవచ్చు, వచ్చినా తేలిగ్గా పోతుంది. రెండో డోసు 3 నెలలకి. పాపకి మాత్రం ఆగాలి. ఎమ్మార్, ఆటలమ్మ టీకా రెండూ బతికున్న వైరస్ టీకాలే. ఒకే రోజు వెయ్యొచ్చు, లేదంటే 28 రోజుల ఎడం ఉండాలి. ఈలోపు వేస్తే ఆ డోసు లెక్కలోకి రాదు. ఆటలమ్మ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల్లో లేదు, బయట కొనాల్సిందే.

జవాబు 2: మెడికల్ షాపులో కొని ఎండలో చేత్తో పట్టుకెళ్లేరు! 2–8 డిగ్రీల్లో ఉండాలి. టీకా పొడిని దాంతో వచ్చే నీళ్లతో కలిపాక 30 నిమిషాల్లో వేసెయ్యాలి. కళ్ల ముందే కలపమనండి.

జవాబు 3: ఒకవేళ పోస్తే వేపాకు స్నానం మీ ఇష్టం, పత్యం పేరుతో కడుపు మాడ్చొద్దు. జ్వరానికి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ వద్దే వద్దు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా బడికి పంపొద్దు.