డీఎన్ఎస్ సర్వర్ మార్చినా పాత ఐపీ చిరునామానే వస్తోంది: మళ్లింపు రౌటర్‌లోనా, ప్రొవైడర్ దగ్గరా?

హైదరాబాద్‌లోని మా ఇంట్లో ఉబుంటు కంప్యూటర్‌పై నడుస్తున్న జెల్లీఫిన్ (సొంత వీడియోలను స్ట్రీమ్ చేసే సాఫ్ట్‌వేర్) సర్వర్‌ను కరీంనగర్‌లో మా అమ్మానాన్నలు టీవీలో చూస్తారు. మా కనెక్షన్ సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీవీ4 చిరునామాను ప్రొవైడర్ చాలామందికి పంచే పద్ధతి) వెనుక ఉన్నందున ఐపీవీ4తో బయటి నుంచి చేరే వీలు లేదు. అందుకే డైనమిక్ డీఎన్ఎస్ పేరుకు (చిరునామా మారినా అదే పేరుతో చేరేందుకు వాడేది) ఏఏఏఏ రికార్డు (పేరుకు ఐపీవీ6 చిరునామా చెప్పేది) మాత్రమే ఇచ్చి, టీటీఎల్‌ను (జవాబును క్యాషెలో ఉంచుకోగల గడువును) 60 సెకన్లుగా ఉంచాను.

మా రౌటర్ రీస్టార్ట్ అయి ఐపీవీ6 ప్రిఫిక్స్ (చిరునామాలోని ముందు భాగం) మారినప్పుడల్లా రికార్డు వెంటనే అప్‌డేట్ అవుతోంది, మొబైల్ డేటాలో సర్వర్ తెరుచుకుంటోంది, కానీ కరీంనగర్‌లో మాత్రం గంటల తరబడి పాత చిరునామానే వస్తోంది. అక్కడి రౌటర్‌లో డీఎన్ఎస్‌ను 1.1.1.1కు (క్లౌడ్‌ఫ్లేర్ పబ్లిక్ డీఎన్ఎస్‌కు) మార్చి, రౌటర్‌ను, టీవీని రీస్టార్ట్ చేయించి, యాప్ క్యాషె తొలగించినా ఫలితం లేదు. అక్కడి ల్యాప్‌టాప్‌లో ఎన్ఎస్‌లుకప్‌కు (డీఎన్ఎస్ సర్వర్‌ను అడిగి చూసే కమాండ్‌కు) 1.1.1.1ను నేరుగా ఇచ్చి అడిగినా పాత చిరునామానే చూపిస్తుండగా, అదే ల్యాప్‌టాప్‌లో ఫైర్‌ఫాక్స్‌లో డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ (డీఎన్ఎస్ ప్రశ్నలను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతి) ఆన్ చేస్తే సర్వర్ వెంటనే తెరుచుకుంటోంది. అన్నిటికంటే గట్టి ఆధారం ఇదేనని నా అభిప్రాయం: 53వ పోర్టు (మామూలు డీఎన్ఎస్ వాడేది) మీదుగా వెళ్లే ప్రశ్నలకు మధ్యలోనే ఎక్కడో పాత క్యాషె నుంచి జవాబు వస్తున్నట్టుంది. టీవీలో డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ సదుపాయం లేదు.

ఈ మళ్లింపు అక్కడి రౌటర్‌లో జరుగుతోందా, ప్రొవైడర్ నెట్‌వర్క్‌లో జరుగుతోందా అన్నది ఆ ల్యాప్‌టాప్ నుంచే తేల్చుకోవాలంటే ఏ పరీక్ష చేయాలి?