మొదటి గిటార్: చవకది తీసుకుని బాగు చేయించుకోవచ్చా?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరే, వీణ, వయొలిన్ గురించి ఎవరినడిగినా చెబుతారు. గిటార్ దగ్గరికొచ్చేసరికి తలో మాట.

నేను పూర్తిగా కొత్త. బ్యాగుతో కలిపి పది వేల దాకా పెట్టగలను. చాలామంది యమహా ఎఫ్310 గిటార్ కొనమంటున్నారు. ఇక్కడి షాపులో వేరే గిటార్ ఒకటి నాలుగు వేలకే ఇస్తామన్నారు. సౌండ్ పర్వాలేదు గానీ, పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర తీగ కింద రెండు రూపాయి బిళ్లలు దూర్చినా ఇంకా సందుంది! ఎఫ్ కార్డ్ (చూపుడు వేలిని తీగల మీద అడ్డంగా ఆనించి నొక్కే పట్టు) పట్టబోతే చూపుడు వేలు మీద గాటు పడింది. "అలవాటైపోద్ది బాబూ" అన్నాడు షాపాయన. అంత నమ్మకంగా చెప్పడమే నాకు అనుమానం.

సాడిల్ (కింది వైపు తీగలు ఆనే పట్టీ) కాస్త అరగదీసి, 12 గేజ్ (మందం) తీగల బదులు సన్నటి 10 వేస్తే ఇది దారికొస్తుందా? లేక నైలాన్ తీగల గిటారే మేలా? శ్రుతి చూసే ట్యూనర్‌కి ఫోన్‌లో యాప్ చాలనుకుంటున్నా, కేపో (మెడకు బిగించే క్లిప్) తర్వాత చూసుకుంటా. ఆన్‌లైన్‌లో కొంటే తీగల ఎత్తు చూసుకునే వీలుండదు కదా, అదీ టెన్షన్.

సాడిల్, నట్ (మెడ పై కొసన తీగలు ఆనే పట్టీ) సరిచేసే మనిషి విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఉన్నారా, లేక విశాఖ వెళ్లాల్సిందేనా?